మొదటి కెప్టెన్ – కర్నల్ సి.కె. నాయుడు గారి జీవితము



మన సంఘములలోని యౌవనస్థులు ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత గాని, సెలవు దినములలో గాని ఎక్కువగా మాట్లాడుకొను సంగతి క్రికెట్టు అని మనకందరికీ తెలుసు. ఇప్పటి ఆటగాళ్ల పేర్లు, వారి పరుగులు, వారి వికెట్లు పిల్లలు అప్పజెప్పినట్లు చెబుతారు. అయితే భారతదేశమునకు మొట్టమొదటి టెస్టు కెప్టెన్ ఎవరని అడిగితే సగముమంది ఆలోచనలో పడతారు. పేరు చెప్పగలిగిన వారిలో కూడా ఆయన మన తెలుగువాడని ఎరిగినవారు కొద్దిమందే. అందుచేత ఈ సంచికలో కర్నల్ కొఠారి కనకయ్య నాయుడు గారిని గూర్చి కొంచెము విపులముగా వ్రాస్తున్నాము.

ఆయన కథ మనకు దగ్గరగా తోచుటకు మరొక కారణము కూడా ఉన్నది. చిత్తూరు, నెల్లూరు వైపుల నుండి మన తాతముత్తాతలు పనికొరకు కోలారు బంగారు గనులకు వచ్చి, ఛాంపియన్ రీఫ్స్‌లోను, మారికుప్పములోను, ఊరుగాములోను, రాబర్ట్‌సన్‌పేటలోను నిలిచిపోయారు. వారి పిల్లలకు ఇదే సొంత ఊరైనది. నాయుడు గారి కుటుంబము కూడా అటువంటిదే. పూర్వికులు మచిలీపట్నము వైపు వారని చెబుతారు. ఆయన పుట్టుటకు ముందే ఆ కుటుంబము మరాఠీ, హిందీ మాటలాడే నాగపూరులో స్థిరపడినది. ఆయన పుట్టినది నాగపూరు, పేరు తెచ్చుకొన్నది బొంబాయి, జీవించినది ఇందూరు, చనిపోయినది కూడా ఇందూరే. తెలుగుదేశములో ఆయన కాపురమున్నది లేదు. అయినను ఇంటిపేరును, తాతల నాటి పేరును మార్చుకొనక, ఆ పేరుతోనే లోకమునకు తెలియబడ్డారు. ఆయన పేరును ఇంగ్లీషువారు తమకు తోచినట్లు పలికారు. మన గనుల దొరలు మన పేర్లను హాజరు పుస్తకములో వ్రాసుకొన్న తీరు జ్ఞాపకమున్నవారికి ఇది ఆశ్చర్యముగా ఉండదు.

నాయుడు గారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన జన్మించారు. తాతగారు నారాయణస్వామి నాయుడు నాగపూరులో పేరుపొందిన వకీలు, కాంగ్రెసు తొలి దినములలో పనిచేసినవారు. కలిగిన కుటుంబమే గనుక బీదతనమును జయించి పైకి వచ్చిన కథ కాదిది. ఆయన చదివిన బడి మాత్రము మనవంటివారికి పరిచయమైనదే. స్కాట్లాండు నుండి వచ్చిన మిషనెరీ స్టీఫెన్ హిస్లాప్ పేరుగల నాగపూరు విద్యాసంస్థలో ఆయన చదువుకొన్నారు. చదువుకన్న ఆటలో ఎక్కువ ఆసక్తి. నిలువెత్తు మనిషి, సన్నని దృఢమైన శరీరము, పొడవైన చేతులు. చూచినవారందరూ మొదట ఆయన నడకను గూర్చి, నిలుచుండు తీరును గూర్చి వ్రాశారు, ఆ తరువాతనే బ్యాటును గూర్చి వ్రాశారు.

ఆ కాలపు క్రికెట్టు ఎట్లుండెడిదో కొంత చెప్పనిదే మిగిలిన సంగతి అర్థము కాదు. బొంబాయిలో జరుగు పెద్ద పోటీలలో జట్లు ఊళ్ల పేర్లతో గాక మతముల పేర్లతో ఉండేవి. యూరోపియనులు ఒక జట్టు, పారశీలు ఒకటి, హిందువులు ఒకటి. 1912 నుండి ముస్లిములు కూడా చేరి నాలుగు జట్లైనవి. భారత క్రైస్తవులకు ఆ పోటీలో చోటు లేదు. 1937లో గాని మిగిలినవారు అను పేరుతో ఐదవ జట్టును చేర్చుకొనలేదు. క్రైస్తవులు, ఆంగ్లో ఇండియనులు, యూదులు మొదలగువారందరూ ఆ మిగిలినవారిలోనే. ఆ జట్టు తరపున విజయ్ హజారే అను మరాఠీ క్రైస్తవ యువకుడు 1943లో హిందువుల జట్టుపై, జట్టు మొత్తము చేసిన 387 పరుగులలో తానొక్కడే 309 చేశాడు. ఆయన కూడా తరువాత దేశమునకు కెప్టెన్ అయ్యాడు. ఈ మతపు పోటీలు తగవని గాంధీగారు 1940లో చెప్పారు. 1946 తరువాత అవి ఆగిపోయినవి. అవి పోవుట మంచిదేనని మా అభిప్రాయము. అయితే మన దేశములో జనము వేలుగా వచ్చి ఆట చూచుట అలవాటైనది ఆ పోటీలలోనే అన్నది కూడా నిజము.

ఆ పోటీలో నాయుడు గారు మొదట 1916లో హిందువుల పక్షమున యూరోపియనులపై ఆడారు. ఏడు వికెట్లు పడిన తరువాత వచ్చి, మూడు బంతులను ఊరక ఆపి, నాలుగవ బంతిని సిక్సరు కొట్టారని చెబుతారు. పెద్ద ఆటలో ఆయన మొదటి పరుగులు అవే. 1923లో ఇందూరు మహారాజైన తుకోజీరావు హోల్కరు ఆయనను తన సంస్థానమునకు పిలిపించుకొని సైన్యములో కెప్టెన్ ఉద్యోగమిచ్చారు. కర్నల్ అను బిరుదు ఆ సైన్యము నుండి వచ్చినదే గాని ఆటలో వచ్చినది కాదు.

ఆయన పేరు దేశమంతట మ్రోగినది 1926 డిసెంబరు 1వ తేదీన. ఇంగ్లాండు నుండి ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వములో ఎం.సి.సి. జట్టు వచ్చినది. బొంబాయి జింఖానా మైదానములో హిందువుల జట్టుతో ఆట. ఆ జింఖానాలో భారతీయులకు సభ్యత్వము ఉండేది కాదు. ఆడుటకు రావచ్చును, లోపల కూర్చుండుటకు లేదు. మన గనులలో కూడా దొరల క్లబ్బు, దొరల జింఖానా వేరు, లైన్లలో ఉండు కార్మికుల బ్రతుకు వేరు అన్నది పెద్దలెరిగినదే. అటువంటి చోట నాయుడు గారు బ్యాటు పట్టి 116 నిమిషములలో 153 పరుగులు చేశారు. అందులో 13 ఫోర్లు, 11 సిక్సర్లు. బంతి జింఖానా కప్పుమీద పడినప్పుడు చుట్టునున్న జనము ఎట్లు కేకలు వేశారో ఊహించుకొనవచ్చును. ఆట జరుగుచున్నదని విని ఆఫీసులు విడిచి వచ్చినవారు, చెట్లెక్కినవారు, మిద్దెలెక్కినవారు ఎందరో. ఎం.సి.సి. వారు ఆయనకు ఒక వెండి బ్యాటు బహూకరించారు.

ఆ ఆట యొక్క ఫలితము పరుగులతో ఆగలేదు. భారతీయులు తమతో సమానముగా ఆడగలరని గిల్లిగన్‌కు నమ్మకము కలిగినది. దేశమంతటికి ఒక క్రికెట్టు సంఘమును ఏర్పరచుకొనుమని ఆయన ప్రోత్సహించారు. 1928లో మన క్రికెట్టు బోర్డు ఏర్పడినది. దాని వెంట టెస్టు ఆడు హక్కు వచ్చినది. 1930లో రావలసిన ఇంగ్లాండు జట్టు ఉప్పు సత్యాగ్రహపు అలజడివలన రాలేదు. అదే 1930లో మన గనులలో వేలిముద్రల విషయమై కార్మికులు సమ్మె కట్టారు. కాలము అటువంటిది. ఆ వేడి చల్లారకముందే, 1932 జనవరిలో గాంధీగారిని చెరలో పెట్టిన ఆ సంవత్సరములోనే, భారత జట్టు ఓడ ఎక్కి ఇంగ్లాండుకు వెళ్లినది.

ఆ జట్టుకు కెప్టెన్‌గా నాయుడు గారిని నియమించలేదు. ఇది గమనింపదగిన సంగతి. అప్పటికి దేశములో ఆయనకన్న మెరుగైన ఆటగాడు లేడని అందరూ ఒప్పుకొన్నదే. కాని కెప్టెన్ అనగా రాజకుటుంబీకుడై ఉండవలెనని బోర్డు పెద్దల అభిప్రాయము. మొదట పటియాలా మహారాజు అన్నారు, ఆయన వెళ్లలేదు. తరువాత పోర్‌బందరు మహారాజును కెప్టెన్‌గాను, లింబ్డీ రాకుమారుడు ఘనశ్యామసింహ్‌జీని వైస్ కెప్టెన్‌గాను పెట్టారు. దీనికి మనవారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. ఇంగ్లాండులో కూడా జీతము తీసికొని ఆడువాడు కెప్టెన్ కాకూడదను కట్టుబాటు ఉండేది. 1952లో లెన్ హట్టన్ వచ్చువరకు అది తొలగలేదు. పుట్టుకనుబట్టి నాయకుని ఏర్పరచుట రెండు దేశములకూ ఉన్న జబ్బే.

పోర్‌బందరు మహారాజు ఆ యాత్రలో మొదటి తరగతి ఆటలలో చేసిన పరుగులు మొత్తము రెండు. ఆయనను గూర్చి అప్పటివారు చాల హాస్యమాడారు. మేము మాత్రము ఆయనను గౌరవించవలెననే అంటాము. తనకు ఆట రాదని ఆయన తెలిసికొన్నారు, తెలిసికొని తప్పుకొన్నారు. లింబ్డీ రాకుమారునికి నడుము నొప్పి వచ్చినది. ఆ విధముగా జూన్ 25వ తేదీ శనివారము, లార్డ్సు మైదానములో భారతదేశపు మొదటి టెస్టునకు కనకయ్య నాయుడు గారు కెప్టెన్‌గా దిగారు. వయసు 36 దాటినది. ఇప్పటివారు ఆట మానుకొను వయసులో ఆయనకు టెస్టు క్రికెట్టు మొదలైనది.

అది అంత సుళువుగా జరుగలేదు. ముందటి రాత్రి జట్టులో కొందరు ఆయన క్రింద ఆడమని అలిగారని, తెల్లవారుజామున మహారాజును నిద్ర లేపారని, చివరికి పటియాలా నుండి గట్టిగా చెప్పించవలసి వచ్చినదని చరిత్ర వ్రాసినవారు చెబుతారు. రాజుగారి క్రింద ఆడుటకు అభ్యంతరము లేనివారికి తమవంటివాని క్రింద ఆడుటకు మనసొప్పలేదు. ఇందులో నాయుడు గారి పాలు కూడా కొంత ఉండవచ్చును. ఆయన మాట కరుకు, క్రమశిక్షణ మరీ కఠినము. నవ్వి బుజము తట్టు స్వభావము కాదు. ఆయనను మెచ్చినవారు ఎందరో, ప్రేమించినవారు అంతమంది కారు. మన సంఘములలో పెద్దరికము చేసిన వారికి ఈ రెంటికి గల తేడా బాగుగా తెలుసును.

ఆట మొదలైన తరువాత జరిగినది చూడండి. ఇంగ్లాండు తరపున మొదట వచ్చినవారు హోమ్స్, సట్‌క్లిఫ్. పది దినముల క్రితమే ఆ ఇద్దరు తమ యార్క్‌షైరు జట్టు తరపున మొదటి వికెట్టుకు 555 పరుగులు చేసి ఉన్నారు. మహమ్మద్ నిస్సార్ ఆ ఇద్దరి వికెట్లను ఎగురగొట్టాడు. అంతలో వూలీ పరుగుకు బయలుదేరగా, మలయా దేశమునుండి వచ్చి జట్టులో చేరిన లాల్‌సింగ్ అను సిక్కు యువకుడు మెరుపువలె బంతి నందుకొని ఔట్ చేశాడు. 19 పరుగులకు మూడు వికెట్లు! లార్డ్సులో కూర్చున్న ఇంగ్లీషువారు ఆ అరగంటలో ఏమనుకొన్నారో గాని, ఇక్కడ పత్రికలు చదివినవారు మాత్రము చాల రోజులు దానినే చెప్పుకొన్నారు. పొట్టకూటికి దేశము దాటిపోయిన కుటుంబపు బిడ్డ ఒకడు ఆ వికెట్టు పడుటకు కారకుడగుట మాకు ముచ్చటగా తోచినది.

తరువాత ఇంగ్లాండు కెప్టెన్ జార్డిన్ నిలిచి 79 పరుగులు చేసి ఆటను సర్దుకొన్నాడు. ఇంగ్లాండు 259. నిస్సార్‌కు ఐదు వికెట్లు. ఒక క్యాచి పట్టబోయి నాయుడు గారు చేతికి దెబ్బ తగిలించుకొన్నారు. ఆ చేతితోనే బ్యాటు పట్టి 40 పరుగులు చేశారు. మన 189లో అందరికన్న ఎక్కువ అదే. రెండవ ఇన్నింగ్సులో అమర్‌సింగ్ 51 కొట్టాడు. టెస్టులలో భారతీయుని మొదటి అర్ధశతకము అది. 158 పరుగుల తేడాతో ఓడిపోయాము. ఓటమియే గాని తలవంపులు కాదు.

ఆ యాత్ర మొత్తముమీద నాయుడు గారు మొదటి తరగతి ఆటలలో 1,618 పరుగులు చేశారు, ఐదు శతకములు, 65 వికెట్లు. లార్డ్సులోనే మే నెలలో ఎం.సి.సి. పై ఔట్ కాకుండ 118 చేశారు. బర్మింగుహాములో వార్విక్‌షైరుపై 162 చేసినప్పుడు ఆయన కొట్టిన ఒక బంతి మైదానము ప్రక్కనున్న రీ నదిని దాటి పొరుగు కౌంటీలో పడినదని చెప్పుకొంటారు. నది చిన్నదే, కొలిచినవారెవరో తెలియదు, కాని చెప్పుకొనుటకు బాగున్నది. మరుసటి సంవత్సరము విజ్డెన్ అను ప్రసిద్ధ వార్షిక గ్రంథము ఆ యేటి ఐదుగురు ఉత్తమ ఆటగాళ్లలో ఆయనను చేర్చినది. అంతకుముందు రంజీ, దులీప్, పటౌడీ ఆ గౌరవము పొందారు గాని వారు ఇంగ్లాండు తరపున ఆడినవారు. భారతదేశము తరపున ఆడి దానిని పొందినవారిలో నాయుడు గారే మొదటివారు.

1933లో జార్డిన్ జట్టు మన దేశమునకు వచ్చినది. భారతదేశపు గడ్డమీద మొదటి టెస్టు డిసెంబరు 15న ప్రారంభమైనది. స్థలము అదే బొంబాయి జింఖానా. ఏడేండ్ల క్రితము అతిథిగా వచ్చి సిక్సర్లు కొట్టిన మనిషి ఈసారి దేశపు కెప్టెన్‌గా వచ్చాడు. లాలా అమర్‌నాథ్ అను పంజాబీ యువకుడు తన మొదటి టెస్టులోనే 118 చేశాడు. భారతీయుని మొదటి టెస్టు శతకము. అవతలి కొన నిలిచి 67 పరుగులు చేసినవారు నాయుడు గారు. ఇద్దరూ కలిసి 186 చేశారు. ఆట మాత్రము తొమ్మిది వికెట్ల తేడాతో పోయినది. కలకత్తా టెస్టు డ్రా. 1934 ఫిబ్రవరిలో మద్రాసు చేపాకములో మూడవ టెస్టు. మద్రాసులో జరిగిన మొదటి టెస్టు అది. తెలుగువారు ఇంకను మద్రాసు రాష్ట్రములో ఉన్న దినములు. ఆ పట్టణములో ఒక తెలుగు పేరుగల మనిషి దేశపు జట్టును నడిపించాడు. అమర్‌సింగ్ ఏడు వికెట్లు తీసినను 202 పరుగులతో ఓడిపోయాము. ఆ తరువాత నాయుడు గారికి టెస్టు కెప్టెన్సీ మరి రాలేదు. మొత్తము నాలుగు టెస్టులు, గెలుపు ఒకటియు లేదు.

ఇక 1936. ఈ భాగము వ్రాయుటకు మనసు కష్టముగా ఉన్నది, ఎందుకనగా ఇందులో ఇరుపక్షములూ మనవారే. రెండవసారి ఇంగ్లాండు వెళ్లిన జట్టుకు కెప్టెన్‌గా విజయనగర సంస్థానపు పూసపాటి వారి బిడ్డ, విజ్జీ అని అందరూ పిలిచిన మహారాజకుమారుడు నియమితుడయ్యాడు. ఆయన ఆటకు ధనము వెచ్చించాడు, గొప్ప ఆటగాళ్లను దేశమునకు రప్పించాడు, ఆ మేలు కాదనలేము. అయితే ఆట రాదు. మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్సులు ఆడి 33 పరుగులు చేశాడు. పోర్‌బందరు మహారాజువలె తప్పుకొని ఉంటే ఈనాడు ఆయనను కూడా మెచ్చుకొనేవారము. తప్పుకొనలేదు. జట్టు రెండుగా చీలినది. మొదటి టెస్టుకు ముందే అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపివేశారు. ఉదయపు భోజనపు బల్లవద్ద నాయుడు గారిని అందరియెదుట అవమానించినందుకు ఒక ఆటగాడికి టెస్టులో చోటు దొరికినదని కూడా వ్రాశారు. అది ఎంతవరకు నిజమో గాని, అటువంటి మాట నమ్మదగినదిగా తోచెడి వాతావరణము ఆ జట్టులో ఉన్నదన్నది సత్యము. తరువాత బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బ్యూమాంట్ అధ్యక్షతన విచారణ జరిగి, కెప్టెన్ ఆటను నడుపుటలో లోపములున్నవని 1937లో తేల్చారు.

ఆ యేట నాయుడు గారు ఎవరితోనూ వాదమునకు దిగినట్లు కనబడదు. ఆగస్టులో ఓవల్ మైదానములో మూడవ టెస్టు. రెండవ ఇన్నింగ్సు. గబ్బీ అలెన్ వేసిన వేగవంతమైన బంతి వచ్చి శరీరమునకు తగిలినది. చూచినవారు ఆయన ఇక లేవడనుకొన్నారు. ఆయన లేచి, నిలిచి, ఆడి 81 పరుగులు చేశారు. టెస్టులలో ఆయన అత్యధికము అదే, ఆఖరి టెస్టు కూడా అదే. అప్పటికి నలభై యేండ్లు నిండినవి. ఏడు టెస్టులలో 350 పరుగులు, సగటు సరిగ్గా 25. ఈ అంకెలు చూచి నేటి పిల్లలు ఇంతేనా అనవచ్చును. 36 యేండ్ల వరకు దేశమునకు టెస్టే లేదన్న సంగతి అంకెలలో కనబడదు.

టెస్టులు ముగిసినను ఆట ముగియలేదు. నిజము చెప్పవలెనంటే కెప్టెన్‌గా ఆయన గొప్పతనము తెలిసినది ఆ తరువాతనే, హోల్కరు జట్టుతో. రంజీ ట్రోఫీలో 1944-45 మొదలుకొని 1952-53 వరకు తొమ్మిదేండ్లలో ఎనిమిది సార్లు ఆ జట్టును ఫైనలుకు తెచ్చారు, నాలుగు సార్లు గెలిపించారు. ఇందూరు చిన్న సంస్థానము. బొంబాయివలె వందలమంది ఆటగాళ్లు లేరు. ఆయన కుర్రవాళ్లను ఏరి తెచ్చి, తెల్లవారుజామున పరుగెత్తించి, జ్వరమని చెప్పినను మైదానములో నిలువబెట్టి తయారుచేశారని ఆ జట్టువారు చెప్పేవారు. ఇందూరులోని ముస్లిం పోలీసు ఉద్యోగి కుమారుడు ముష్తాక్ అలీ చిన్నతనములోనే ఆయన దృష్టిలో పడి పైకి వచ్చినవాడు. విదేశములో టెస్టు శతకము చేసిన మొదటి భారతీయుడు అతడే, 1936లో మాంచెస్టరులో. మతముల పేరుతో జట్లు కట్టిన ఆ రోజులలో ఒక హిందువు క్రింద ఒక ముస్లిము బాలుడు ఆ విధముగా పెరిగాడు.

కోలారువారము గనుక 1945-46 సంగతి విడిచిపెట్టలేము. అప్పుడు మనది మైసూరు రాజ్యము. రంజీ సెమీఫైనలులో మైసూరు జట్టు ఇందూరు వెళ్లినది. హోల్కరు ఎనిమిది వికెట్లకు 912 పరుగులు చేసి గాని ఆపలేదు. ఆరుగురు ఒక్కొక్కరు శతకము చేశారు. ఆ ఆరుగురిలో యాభై యేండ్లు నిండిన నాయుడు గారు ఒకరు, వారి లెక్క 101. మైసూరు బౌలర్లు ఆ ఎండలో ఎంత అలసి ఉంటారో పాపము. మొదటి ఇన్నింగ్సులో 190కి కూలిన మైసూరు రెండవసారి గరుడాచార్ మొదలగువారి పట్టుదలతో ఆరు వికెట్లకు 509 చేసినది, అయినను గెలువలేకపోయినది. అదే యేడు బరోడాపై నాయుడు గారు సరిగ్గా 200 చేశారు. తన జీవితములో చేసిన అత్యధికము అదే. మనుష్యులు మనుమలను ఎత్తుకొను వయసులో!

1951-52లో బొంబాయి ఫాస్టు బౌలరు ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి రెండు పళ్లు రాలినవని, ఆ పళ్లను బ్యాటుతో ప్రక్కకు నెట్టి మళ్లీ ఆటకు నిలిచారని, బౌలరు జాలిపడి నెమ్మదిగా వేస్తే కోపపడ్డారని చెబుతారు. కఠినుడని ఆయనను నిందించినవారు కూడా ఈ కథ చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెబుతారు. ఇతరులకు పెట్టిన నియమమును తనకు కూడా పెట్టుకొన్నాడు గనుక.

1956-57లో, 61వ యేట, ఉత్తరప్రదేశ్ జట్టు తరపున రంజీ ఆడారు. 1956లోనే భారత ప్రభుత్వము పద్మభూషణ్ బిరుదునిచ్చినది. జాతీయ జట్టును ఎంపికచేయు సంఘములో కూడా ఆయన పనిచేశారు. 1963-64లో ధర్మార్థముగా నాగపూరులో జరిగిన ఆటలో 68 యేండ్ల వయసులో మరల బ్యాటు పట్టారు. 1916 నుండి లెక్కిస్తే నలభై యేడు సంవత్సరములు. మొత్తము 207 మొదటి తరగతి ఆటలు, 11,825 పరుగులు, 26 శతకములు, 411 వికెట్లు. ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా దేశమునకు టెస్టులు ఆడినవాడే. 1944-45 రంజీ ఫైనలులో ఆ తమ్ముడు ఒక్క ఆటలోనే 917 బంతులు వేశాడు. ఆ బంతులు వేయించిన కెప్టెన్ అన్నగారే. కుమార్తె చంద్రా నాయుడు మన దేశములో క్రికెట్టు వ్యాఖ్యానము చేసిన తొలి స్త్రీలలో ఒకరు. తండ్రిగారి జీవితచరిత్రను కూడా వ్రాశారు. ఆమె 2021లో మరణించారు.

కర్నల్ నాయుడు గారు 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు. వయసు 72. ఆయన పేరిట యువ ఆటగాళ్ల కొరకు 1973-74 నుండి సి.కె. నాయుడు ట్రోఫీ జరుగుచున్నది. మన కర్ణాటక కుర్రవాళ్లు, ఆంధ్ర, హైదరాబాదు కుర్రవాళ్లు అందులో ఆడుచున్నారు. 1994లో క్రికెట్టు బోర్డు ఆయన పేరిట ఒక జీవిత సాఫల్య పురస్కారమును నెలకొల్పినది. దానిని మొట్టమొదట అందుకొన్నవారు, 1936లో ఇంగ్లాండు నుండి ఇంటికి పంపబడిన లాలా అమర్‌నాథ్ గారు.